సామాన్ల గదిలో రెండో కుర్చీ

కుట్టుమిషన్లు బాగుచేసే ఆ పెద్దాయన వీధి వీధంతటికీ మావయ్యే, ఒక్క భార్యకు తప్ప. ఆవిడ "ఏమండీ" అంటుంది, అదీ కోపం లేనప్పుడు. కోపం ఎప్పుడొస్తుందంటారా? రానిదెప్పుడో అడగండి! కొట్టు మూసేసినా మావయ్యకు మిషన్ల పిచ్చి పోలేదు. ఎవరు పాత మిషన్ పారేస్తున్నా ఇంటికి మోసుకొచ్చేవాడు. హాల్లో పదకొండు, మంచం కింద రెండు.

"ఈ ఇంట్లో నేనుండాలా, ఈ తుక్కుండాలా?" అని ఆవిడ ఒకనాడు తెగేసి అడిగింది. మావయ్య కాస్త ఆలోచించాడు. ఆ ఆలోచించడమే కొంప ముంచింది. పెరట్లో షెడ్డు వేస్తానని మాటిచ్చి ఎలాగో బయటపడ్డాడు.

మున్సిపల్ ఆఫీసుకెళితే గుమాస్తా రూల్సన్నీ ఏకరువు పెట్టింది. షెడ్డు పదడుగులకు పదడుగులు దాటకపోతే పర్మిషన్ అక్కర్లేదు. పక్కింటి గోడకు మూడడుగులు వదలాలి, అదీ రేకు చివర నుంచి కొలవాలి.

"అది సామాన్లకే. మనుషులుండే గది అయిందా, కూల్చేస్తాం" అంది.

"మా ఇంట్లో మనుషులుండే గదుల్లోనే సామాన్లున్నాయమ్మా" అన్నాడు మావయ్య. ఆమెకు నవ్వు రాలేదు.

రేకు జానెడు ఎక్కువైతే కోయించి మరీ షెడ్డు పూర్తిచేశాడు. మిషన్లతోపాటు తన కుర్చీ కూడా అందులోకి చేర్చాడు. నలభై ఏళ్ళుగా కూర్చుని చేసిన పని, పైగా మోకాళ్ళు మొరాయిస్తున్నాయి.

ఖాళీ హాల్లో ఆవిడ రెండు రోజులు హాయిగా తిరిగింది. మూడోనాడు కత్తెర వెతికే వంకతో షెడ్డుకొచ్చింది. నాలుగోనాడు ఏకంగా కుర్చీ తెచ్చుకుంది. "మీ తుక్కుకు దుమ్ము పట్టిందేమో చూద్దామని" అంది. అమ్మ బాబోయ్, ఆవిడ ప్రేమకు ఎన్ని పేర్లో!

ఆ వారమే ఇన్‌స్పెక్టరు తనిఖీకి దిగాడు. టేపు పెట్టి కొలిస్తే అంతా సరిపోయింది. లోపలికి తొంగిచూసి మాత్రం ఆగిపోయాడు.

"రెండు కుర్చీలెందుకు సార్? ఒకటైతే ఏదో మరమ్మతు చేసుకుంటున్నారనుకుంటాను. రెండుంటే కబుర్లు చెప్పుకునే గదే. ఒకటి తీసేయండి, లేదంటే కూల్చమని రాయాల్సొస్తుంది."

"నేను లోపలికి పోతాలెండి" అని ఆవిడ లేచింది. మొహం చిన్నబోయింది.

మావయ్యకు మనసు చివుక్కుమంది. గబగబా తన కుర్చీ ఎత్తి బయట పెట్టేశాడు. "నువ్వు కూర్చోవే. నాకు నిలబడి చేయడమే అలవాటు" అన్నాడు. పచ్చి అబద్ధం!

ఆవిడ ఆయన్ని ఎగాదిగా చూసింది. మూలనున్న బకెట్టును లాగి, బోర్లించి, దాని మీద కూలబడింది.

"ఆ మోకాళ్ళతో నిలబడతారట! రండి, నా కుర్చీలో కూర్చోండి" అని కసిరి, ఇన్‌స్పెక్టరు వైపు తిరిగింది. "బకెట్టు సామానే కదా బాబూ?"

అతను బకెట్టునూ ఆవిడనూ మార్చి మార్చి చూశాడు. "సామానేనమ్మా" అని నవ్వి, కాగితం మీద సంతకం పెట్టేశాడు.

మావయ్య కుర్చీలో కూర్చున్నాడు గానీ, చాలాసేపటిదాకా చేతిలోకి తీసుకున్న స్క్రూ ఏ మిషన్‌దో ఆయనకు గుర్తు రాలేదు.