నా ఒంటరితనం మీద వీధి పంచాయితీ

ఆ రోజుల్లో పద్యం రాయాలంటే ఛందస్సు కావాలి, కొత్త కవిత్వం రాయాలంటే ఒంటరితనం కావాలి. మొదటిది నాకు రాలేదు, రెండోది దొరకలేదు. కర్నూలు రాజధాని అయిన కొత్తలో, గుడారాల్లో నడిచే ఒక కచేరీలో గుమాస్తాగా చేరాను. నందికొట్కూరు దగ్గరి పల్లె నుంచి వచ్చినవాణ్ని, కర్నూలును మించిన ఊరు అప్పటికి చూడలేదు. పత్రికల్లో వచ్చే కొత్త కవితల నిండా మహానగరాలే. ముఖాలు లేని మనుషులు, సిమెంటు గోడలు, జనం మధ్య ఒక్కడుగా మిగిలిపోయిన కవి. అవి చదివితే నాకు కడుపు మండేది. అంతటి దుఃఖం మనకెందుకు లేకపోవాలి? (కొత్త చెప్పులు కరిచిన దుఃఖం ఒకటి ఉండేది గాని, దాన్ని ఆధునికమని ఎవరూ ఒప్పుకోరు.)

ఇబ్బందల్లా మా వీధితోనే. నేను అద్దెకున్న గది ఒక ముసలావిడది. వీధంతా ఆమెను ఖాలా, అంటే పిన్నమ్మా, అని పిలిస్తే నేనూ అలాగే పిలిచాను. పొద్దున గడప దాటితే చాలు, ఏమప్పా యాడికి అని అడిగేవాళ్ళు. రోజూ పోయే కచేరీకే పోతున్నానని తెలిసీ అడిగేవాళ్ళు, జవాబు చెప్పకపోతే వెంటవచ్చి మరీ అడిగేవాళ్ళు. నాకు జలుబు చేస్తే ఎదురింటి జట్కా మామ వాము పొట్లం పట్టుకొచ్చేవాడు. ఇలాంటి చోట మనిషి ఏకాకి ఎలా కాగలడు? అయినా పట్టు విడవక ఒక ఆదివారం గడియ వేసుకుని కూర్చున్నాను. ‘ఈ మహానగరంలో నా పేరు తెలిసినవాడు లేడు, నా తలుపు తట్టే చెయ్యి లేదు’ అని రాస్తుండగా తలుపు చప్పుడైంది. ఖాలా జొన్నరొట్టె తెచ్చింది. పాదం ముగిసేదాకా ఆగమని లోపలినుంచే కేకేసి, ముగించాక తలుపు తీసి, ఆ రొట్టె తింటూనే ‘ఆకలితో చచ్చినా అడిగే నోరు లేదు’ అని పూర్తి చేశాను.

మా పెద్ద గుమాస్తా అప్పుడప్పుడు గ్రంథాలయంలో కవుల సభ పెట్టేవాడు. అక్కడ నలుగురూ మెచ్చితే పత్రికకు పంపిస్తానని ఆశపెట్టాడు. ఖాలాకు ఎలా తెలిసిందో, మా పిల్లోడు చదువుతాండాడని చాటింది. వీధి వీధంతా ఉతికిన బట్టలు కట్టుకుని వచ్చి ముందు వరసల్లో కూర్చుంది. గొంతు వణికించి చదివాను. వెనక కవులు చప్పట్లు కొట్టారు. ముందు వరసలు కదల్లేదు. నా కవిత్వానికి కొయ్యబారిపోయారనుకుని హాయిగా నిద్రపోయాను.

తెల్లవారేసరికి ఖాలా అరుగు మీద పంచాయితీ కూర్చుంది. మీరు నవ్వకండి, తప్పు వాళ్ళది కాదు. రాజధాని ఊరు. ఎక్కడెక్కడి జనమో అర్జీలు పట్టుకుని రోజూ గుడారాల దగ్గరికి వచ్చేవాళ్ళు, వాళ్ళను దించేది మా జట్కా మామే. ఒక మనిషి నలుగురిలో లేచి, కాగితం చేతబట్టి, తన బాధ చదివాడంటే అది అర్జీ కాక మరేమిటి? ఎవరి మీదో విచారించాలి గదా. మామకు నా పాదాలు నాకంటే బాగా గుర్తున్నాయి. పేరు తెలియనిది ఎవరికో చూపించమన్నాడు. అరుగు మీద ఉన్నవాళ్ళందరి చేతా నా పేరు చెప్పించాడు. (మా నాయన పేరుతో సహా చెప్పారు.) నేను గంభీరంగా, అది మీ మీద కాదు, నాగరికత మీద అన్నాను.

“ఆ నాగరికత యాడుంటాదప్పా? మన వీధిలో అయితే లేదు గదా?” అన్నాడు మామ.

నగరాల్లో ఉంటుందన్నాను.

“ఏ నగరం? నువ్వు యాడికి పొయ్యొచ్చినావు?”

ఒకసారి బద్వేలుకు పెళ్ళికి పోయిన మాట చెప్పాను గాని అది నాకేమీ సాయపడలేదు.

అప్పుడు ఖాలా అందుకుంది. “అబద్దమైతే అబద్దమని చెప్పు నాయనా, నవ్వుకోని మర్చిపోతాం. నిజమైతే తప్పు మాది. దిద్దుకుంటాం.”

ఒక్క మాటతో పోయేది. కాని అబద్ధమంటే నేను కవిని కాకుండా పోతాను. నిజమే అన్నాను. ఆమె ముఖం చిన్నబోయింది. అది చూసి కూడా ఊరుకున్నాను.

వాళ్ళు దిద్దుకున్నారు. వీధి ఈ కొస నుంచి ఆ కొస దాకా నన్ను పేరు పెట్టి పిలిచారు. తలుపు తట్టడానికి వంతులు వేసుకున్నారు. కచేరీకి జట్కాలోనే పోవాలి, పక్కన ఎవరో ఒకరు కూర్చోవాలి. ఒక్కణ్నే పడుకుంటే దిగులు పెట్టుకుంటానని మామ చాప తెచ్చుకుని నా గదిలోనే గురక పెట్టాడు. (మంచి తోడని గుర్రాన్ని కూడా నా కిటికీకే కట్టేశాడు.) వారం తిరక్కముందే నా కవిత్వం కాళ్ళబేరానికి వచ్చింది.

అది రంజాను పండగ పొద్దు. ఖాలా పొయ్యి దగ్గర సేమ్యా కలుపుతోంది. అదంతా అబద్ధమనీ, పేరు కోసం రాశాననీ తలొంచుకుని చెప్పాను.

“అట్లయితే మంచిదే” అంది ఆమె. “నువ్వు చదివినప్పట్నుంచి నాకు నిద్ర లేదు. మా ఇంటాయన కాలం చేసిన ఏడాది పండగనాడు ఇట్లే సేమ్యా చేసినా. వీధంతా ఉండాది, రమ్మంటే వస్తారు. ఐనా మొదటి గిన్నె ఎవురికి పెట్టాల్నో తెలీక సేమ్యా దబర ముందర శానాసేపు కూర్చున్యా. ఆ బాధ నా ఇంట్లో ఉండి నీకూ వచ్చెనా అని ఒకటే దిగులు.”

మొదటి గిన్నె నా ముందు పెట్టింది. జనం మధ్య ఒక్కతిగా మిగలడమంటే ఏమిటో, నేను పత్రికల్లో వెతుక్కున్నదంతా, ఆమె గరిటె తిప్పుతూ చెప్పేసింది. నిజమైన కవి అయితే చెయ్యి కడుక్కుని కాగితం కోసం పరుగెత్తేవాడు. నేను గిన్నె ఖాళీ చేసి, ఇంకొంచెం ఉందా ఖాలా అని అడిగాను. ఆమె నవ్వి వడ్డించింది. కవిత్వం మళ్ళీ నా జోలికి రాలేదు. ఇన్నేళ్ళకు ఆ కుర్రాణ్ని తలుచుకుంటే వాడి డాంబికానికి సిగ్గేస్తుంది. కాని ఆ పూట రెండో గిన్నె అడిగిన పుణ్యానికి, వాణ్ని కొంచెం క్షమించబుద్ధవుతుంది.