రెండో భాగంలో వచ్చిన నాన్న

నిన్న విజయనగరం బస్సులో ఎవరో గంపెడు జీడిమామిడి పళ్ళతో ఎక్కారు. ఆ ఘాటైన తీపి వాసన ముక్కుకు తగలగానే, గౌను నిండా మరకలు చేసుకుని అమ్మ చేత తిట్లు తిన్న వేసవులన్నీ గుర్తొచ్చాయి, వాటి వెనకే వద్దనుకున్నా ఆ సినిమా కూడా.

చీపురుపల్లిలో మా నాన్నది చేపల కొట్టు. మేనత్తను సముద్రం ఒడ్డున, వేటకెళ్ళే ఇంటికిచ్చారు. ఆమె కూతురు గౌరి వదిన ఎండాకాలం సెలవులకు వచ్చిందంటే ఇక మమ్మల్ని పట్టేవాళ్ళు లేరు. ముంజెల్ని బొటనవేలితో తోడుకు తింటూ, ఎండబెట్టిన చేపల మీద వాలే కాకుల్ని తోలుతూ, చూసొచ్చిన సినిమానే సాయంత్రం దాకా పెరట్లో ఆడేవాళ్ళం. ఒక ఏడు అది డబ్బింగు సినిమా. ఎదురు తిరిగిన మనుషుల జ్ఞాపకాలను ప్రభుత్వమే తుడిచేసే ఒక పాడు నగరం కథ. చివర్లో కథానాయిక తండ్రిని గోడ అవతలి పొగమంచులోకి గెంటేసి, మిగతాది రెండో భాగంలో చూడమన్నారు. మా పెరటి గోడే ఆ గోడ. తండ్రి వేషం ఎప్పుడూ నాదే.

ఆ ఏడు తుపానుకు మావ పడవ తిరిగి రాలేదు. శవం దొరకలేదు కాబట్టి అత్త బొట్టు చెరపలేదు, గాజులు తీయలేదు. ఇంట్లో ఎవరూ ఆ మాటే ఎత్తలేదు. మా ఇంటికి వచ్చినప్పుడు పొద్దున్నే కాళ్ళకు పసుపు రాసుకుంటున్న అత్తను చూస్తే నాకు భయమేసేది.

మరుసటి వేసవిలో రెండో భాగం మా ఊరి హాలుకొచ్చింది. పోస్టరు చూసి వదిన నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“ఒసే, ఇందులో దాని అయ్య తిరిగొస్తే మా అయ్యా వస్తాడే. సూడు.”

మ్యాట్నీకి వెళ్ళాం. ఇంటర్వెల్లో కొన్న ఉడికిన వేరుశెనక్కాయలు మా ఒళ్ళోనే చల్లారిపోయాయి. ఆఖర్న తండ్రి వచ్చాడు. సైనికుడి దుస్తుల్లో, కన్నకూతురి మీదే తుపాకీ ఎక్కుపెట్టి, ఎవరు నువ్వని అడిగాడు. ఆ పిల్ల తన పేరు చెప్పింది. మళ్ళీ మళ్ళీ చెబుతుండగానే తెర నల్లబడింది. నేను ఏడ్చేశాను. వదిన ముఖం మాత్రం వెలిగిపోతోంది.

“గురుతుపట్టకపోతే ఏటే? వచ్చినాడు కదా!”

మూడో భాగం మా ఊరికి రానే లేదు. ఆ హాలు ఇప్పుడు ఫంక్షన్ హాలు. ఎండుచేపల పెరట్లో మేడ లేచింది. నిరుడు అత్త పోతే, గాజులతో, పసుపు కుంకుమలతో ముత్తైదువలాగే సాగనంపాం. వదిన ఎదురుచూపు కూడా దాంతో తీరిపోయిందనుకున్నాను.

పోయిన నెల వదినను రైలెక్కించడానికి స్టేషనుకు వెళ్ళాను. బెంచీ మీద గడ్డం పెరిగిన ముసలాయనొకడు మా వైపే చూస్తున్నాడు. వదిన సంచి నా చేతికిచ్చి, వెళ్ళి ఆయన ముందు వంగింది.

“నాను, గౌరిని,” అంది మెల్లగా.

ఆయన కాసేపు చూసి, ఏమనుకున్నాడో, పక్కకు జరిగి చోటిచ్చాడు. రైలొచ్చేదాకా వదిన అక్కడే కూర్చుంది.