రాజకీయాలతో కొన్న మా హార్మోనియం

మా చిన్నప్పుడు... సాయంత్రం ఆరయిందంటే చాలు, నాచారంలో మా మేడ వరండాలో అసెంబ్లీ మొదలయ్యేది! సభ్యులు ఇద్దరే. ఒకరు మా నాన్న, బాపట్ల వైపు నుంచి వచ్చి ఇక్కడ మందుల కంపెనీలో స్టోర్ గుమస్తాగా చేరిన మనిషి. రెండోవారు మా ఇంటి ఓనర్ యాదగిరి మామ, ఉప్పల్ వైపు తిరిగే బస్సులో కండక్టర్. కింద వాళ్ళు, పైన మేము.

మామ మా అమ్మను "చెల్లె" అనేవాడు. దాంతో నాన్న ఆయనకు బావ అయిపోయారు. బావా బావా అనుకున్నాక ఇంక చెప్పాలా... ఇద్దరి నోటికీ తాళం ఉండేది కాదు.

"ఏంది బావా, మీ నాయకుడు టీవీల మస్తు మాట్లాడుతుండు. మా నీళ్ళ సంగతి ఎప్పుడు జెప్తడట?"

"ముందు మీవాళ్ళని కుర్చీ ఎవరిదో తేల్చుకోమనండి బావగారూ. నీళ్ళ సంగతి తర్వాత చూద్దాం."

ఈలోగా టీ చల్లారిపోయేది. మళ్ళీ వేడి చేయమనేవారు. అమ్మకు ఒళ్ళు మండేది. ఒకరోజు ఖాళీ పాలపొడి డబ్బా తెచ్చి ఇద్దరి మధ్యా ఠక్కున పెట్టింది. "రాజకీయం ఎత్తినప్పుడల్లా ఇందులో రూపాయి వెయ్యండి. ఆ డబ్బుతో పిల్లకి హార్మోనియం కొంటాను."

పిల్ల అంటే నేనే. అప్పుడు ఆరో తరగతి. హబ్సిగూడలో ఉండే మా స్కూల్ టీచరమ్మ దగ్గర సంగీతం నేర్చుకునేదాన్ని. పాట బాగానే వచ్చేది గానీ, ఇంట్లో సాధన చేయడానికి పెట్టె లేదు. కిటికీ గట్టు మీద సుద్దముక్కతో హార్మోనియం మెట్లు గీసుకుని వేళ్ళు ఆడించేదాన్ని. నాన్న జీతం అద్దెకీ, ఫీజులకీ, తమ్ముడి ఆయాసం మందులకీ సరిపోయేది. అడగాలంటే నాకే మొహమాటం.

డబ్బా పెడితే మాటలు తగ్గుతాయనుకుంది అమ్మ. తగ్గడమా! ఇంకా పెరిగాయి. పొద్దంతా చిల్లర కోసం జనంతో వాదులాడే మామ దగ్గర మా డబ్బాకి మాత్రం ఎప్పుడూ చిల్లర ఉండేది.

ఇంతలో ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం ముదిరింది. బస్సులు ఆగిపోయాయి. మామ సమ్మెలో కూర్చున్నాడు, జీతం లేదు. ఒక సాయంత్రం నాన్న నోరు జారారు.

"జీతం పోగొట్టుకుని ఎన్నాళ్ళండీ ఈ పంతం? ఇంట్లో పిల్లలున్నారు కదా."

మామ టీ గ్లాసు కింద పెట్టాడు. "గిది పంతం గాదు బావా. మా ఇజ్జత్ ముచ్చట." అంతే... లేచి కిందికి వెళ్ళిపోయాడు.

మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. వారం గడిచింది. సరిగ్గా అప్పుడే టీచరమ్మ తేల్చి చెప్పేసింది. "స్కూల్ వార్షికోత్సవంలో వాయిస్తూ పాడాలి. ఇంట్లో సాధన లేకపోతే ఇంకో అమ్మాయిని పెట్టేస్తాను." ఇంటికొచ్చి స్నానాల గదిలో తలుపేసుకుని ఏడ్చాను. హార్మోనియం ఇక రాదని కొంత, మామ మాట్లాడటం లేదని కొంత.

నాన్న నా మొహం చూశారు. తప్పయిందని చెప్పడం మా నాన్నకి పుట్టుకతోనే రాదు! చొక్కా వేసుకుని, డబ్బా చంకన పెట్టుకుని కిందికి దిగారు. మామ గుమ్మం ముందు నిలబడి గల్లీ అంతా వినపడేలా అరిచారు.

"బావగారూ! మీ రాష్ట్రం మీకొచ్చినా సరే, నేను మాత్రం ఈ ఇల్లు ఖాళీ చేయను. ఏం చేసుకుంటారో చేసుకోండి!" అని డబ్బాలో రూపాయి వేశారు.

నేను పైన పిట్టగోడ మీంచి వంగి చూశాను. లోపలినుంచి మామ గొంతు వినపడింది.

"ఖాళీ జెయ్యమని ఎవడన్నడు? కిరాయి పెంచుత గని!" అంటూ బయటికొచ్చి తనూ రూపాయి వేశాడు.

"సమ్మె అయ్యేదాకా మీరు వేయొద్దులే అన్నయ్యా" అంది అమ్మ పైనుంచి.

మామకు రోషం వచ్చేసింది. "ఏ, పో చెల్లె! నేను ఫుకట్ల కొట్లాడెటోన్నా?"

ఆ పూట ఇద్దరూ వారం రోజుల బాకీ అంతా తీర్చేసుకున్నారు! అంత హాయిగా ఉన్న పోట్లాట నేను మళ్ళీ వినలేదు.

సమ్మె ముగిశాక ఇద్దరూ కలిసి కోఠీ వెళ్ళి పాత హార్మోనియం ఒకటి మోసుకొచ్చారు. బేరం మామ ఉర్దూలో ఆడాడట, శ్రుతి నాన్న చూశారట. తక్కువపడిన డబ్బు ఎవరు వేశారో ఈ రోజుకీ తెలియదు. నాన్ననడిగితే "మీ మామే" అంటారు, మామనడిగితే "మీ నాయిననే" అంటాడు. అందులో ఒక మెట్టు నొక్కితే పైకి లేవదు, వేలితో లేపాలి. అయితేనేం! వార్షికోత్సవంలో నేనే వాయించాను.

ముందు వరసలో కూర్చుని మామ పక్కవాళ్ళందరికీ చెప్పుకున్నాడు. "మా మేనకోడలు! ఆ పెట్టె సగం నా మాటలతోనే కొన్నం!"

"సగం ఏమిటి బావగారూ, ముప్పాతిక మీదే" అన్నారు నాన్న.

తర్వాత రాష్ట్రం వచ్చింది. ఆ రోజు గల్లీ అంతా రంగులు, మిఠాయిలు. మామ కిందనుంచి కేకేశాడు, "బిడ్డా, పెట్టె తీస్కొని రా!" ఏమంటారో అని నేను నాన్న వైపు చూశాను. నాన్న తనే హార్మోనియం ఎత్తుకుని కిందికి దించారు.

"వాయించమ్మా... గట్టిగా వాయించు. మీ మామ గెలిచాడు."

నాన్నను చూసి నాకు అంత గర్వం ఇంకెప్పుడూ కలగలేదు. కళ్ళల్లో నీళ్ళతోనే వాయించాను.

ఇప్పుడు బోడుప్పల్‌లో అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాను. ఫ్లాట్లవాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒక్క మాట తేడా వస్తే మర్నాడు లిఫ్టులో మొహాలు తిప్పుకుంటున్నారు. గుమ్మం దాకా వెళ్ళి మళ్ళీ పోట్లాటకి పిలిచే ఓపిక ఎవరికీ లేదు... మీ ఇళ్ళల్లో అలాంటి బావలెవరైనా ఉండేవారా? ఉంటే వాళ్ళ ముచ్చట్లు రాయండి, మా నాన్ననీ మామనీ కూర్చోబెట్టి చదివి వినిపిస్తాను.