ఆ రోజుకి ఆమె భార్యే

కాజిమీర్ డోంబెక్ న్యూజెర్సీలో మా కౌంటీ రోడ్ల మీద ముప్పై ఒక్క చలికాలాలు మంచు తోశాడు. తొమ్మిదేళ్ళప్పుడు తండ్రితో పోలండ్ నుంచి వచ్చాడు. ఇరవై నాలుగో ఏట, దివాళా తీసిన పాలకంపెనీ దగ్గర ఒక పాత లారీ కొన్నాడు. అతను నడుపుతుంటే పెళ్ళాం హలీనా వెనక నిలబడి, రోడ్డుమీద మంచు కరగడానికి పారతో ఉప్పు చల్లేదట. తర్వాత లారీలు ఆరయ్యాయి, పనివాళ్ళు తొమ్మిదిమంది అయ్యారు. హలీనాని పనివాళ్ళమంతా చొచా అనేవాళ్ళం, పోలిష్‌లో అత్త అన్నట్టు; కాజిమీర్‌ని నేను అంకుల్ అనేదాన్ని.

పదకొండో తరగతిలో బడి మానేశాక నేను వాళ్ళ ఆఫీసులో చేరాను. ఆఫీసంటే వాళ్ళింటి వెనకగది. చొచాకి జబ్బు ముదిరాక ఫోన్లకీ ఆమె మందులకీ కూడా నేనే.

ఆగస్టు చివర ఒక మధ్యాహ్నం ఆమె నన్ను మంచం దగ్గరికి పిలిచింది.

"వాండా, నా చెక్కుబుక్కు తే. లొరేన్ కుబాట్ పేర ఐదు వందలు రాయి. సంతకం నేను పెడతా."

లొరేన్ ఆమెకి చిన్ననాటి స్నేహితురాలు. ఆ ఏడాది ఎన్నికల్లో కౌంటీని పాలించే బోర్డుకి పోటీ చేస్తోంది.

"అంకుల్‌కి చెప్పనా?"

"ఆయనకెందుకు? డబ్బు నాది, స్నేహితురాలు నాది. నవంబరు దాకా నేనుండను, ఓటు వెయ్యలేను. ఇదైనా వెయ్యనీ."

రాశాను. సంతకం పెట్టడానికి ఆమెకి చాలాసేపు పట్టింది. సెప్టెంబరు పద్నాలుగున పోయింది.

అక్టోబరులో కౌంటీ నుంచి మంచుపని ఒప్పందం కాగితాలు వచ్చాయి. వాటిలో ఏటా అంకులే నింపే ఒక ఫారం ఉంటుంది; ఈసారి నేను నింపాను. కౌంటీ పని చేసేవాళ్ళు బోర్డుకి నిలబడ్డవాళ్ళెవరికైనా ఏడాదిలో మూడు వందల డాలర్లు మించి ఇస్తే ఆ పని ఇవ్వరు. యజమాని ఎంత ఇచ్చాడు, భార్య ఎంత ఇచ్చింది అని అడుగుతారు. భార్య అన్నచోట నేను 'లేరు' అని రాశాను. అబద్ధం రాస్తున్నానని అనుకోలేదు. ఆ గదిలో అప్పటికే ఆమె కుర్చీ ఖాళీ.

వారం తర్వాత కౌంటీ ఆఫీసు నుంచి ఒకావిడ ఫోన్ చేసింది.

"లొరేన్ కుబాట్‌కి వచ్చిన విరాళాల జాబితాలో హలీనా డోంబెక్ అని ఉంది. మీ ఇంటి చిరునామాయే. ఎవరు?"

"ఆయన భార్య. చనిపోయారు."

"అయ్యో. ఎప్పుడు?"

చెప్పాను. కాగితాలు తిరగేస్తున్న చప్పుడు వినిపించింది.

"బతికున్నప్పుడు ఇచ్చింది కదమ్మా. ఆ రోజుకి ఆమె భార్యే. ఆమె ఇచ్చినా ఆయన ఇచ్చినట్టే. జాబితా బయటికొచ్చిన ముప్పై రోజుల్లో ఆ డబ్బు వెనక్కి తెప్పించుకోండి. లేకపోతే ఈ ఏడాది పని లేదు."

అంకుల్‌కి అంతా చెప్పాను. చెక్కు రాసింది నేనేనని కూడా. ఆయన కోప్పడలేదు, అది ఇంకా కష్టంగా ఉంది.

"ఏడాది వెనక దాకా చూస్తారా?"

"అవును అంకుల్."

"అంటే వచ్చే ఆగస్టు దాకా వాళ్ళ లెక్కలో అది నా పెళ్ళామే."

నేను ఫారం ఆయన ముందుకి జరిపాను.

"డబ్బు వెనక్కొస్తే?"

"ఇవ్వనట్టే లెక్క."

"ఇవ్వనట్టే," అన్నాడు ఆయన. లేచి బయటికి పోయాడు.

ఇరవై రోజులు గడిచాయి. డబ్బు తిరిగి ఇమ్మని లొరేన్‌కి ఉత్తరం టైపు చేసి బల్లమీద పెట్టాను, అంకుల్ సంతకం పెట్టలేదు. పనివాళ్ళకి విషయం తెలిసిపోయింది. ఇద్దరు బిడ్డల తండ్రి రిషార్డ్ ఒక ఉదయం గుమ్మంలో నిలబడ్డాడు.

"బాస్, ఈ చలికాలం మేం మంచు తినాలా?"

"ఉప్పు మన దగ్గర బోలెడుంది. చల్లుకుని తిను."

"చొచా ఉంటే ఈపాటికి నీ చెవి మెలేసేది."

అంకుల్ నవ్వబోయి ఆగిపోయాడు. ఉత్తరం దగ్గరికి లాక్కున్నాడు. 'నా భార్య పొరపాటున ఇచ్చినది' అన్నచోట వేలు పెట్టాడు.

"అప్పుడు మతి సరిగ్గానే ఉందా?"

మతి తప్పిందంటే ఆయనకి సులువయ్యేది.

"ఉంది అంకుల్. నాకంటే బాగా ఉంది."

'నా భార్య పొరపాటున' అన్నది కొట్టేసి, పైన తన చేత్తో 'నేను ఆమెకి చెప్పనందువల్ల' అని రాశాడు. కింద సంతకం పెట్టాడు.

"ఈ మూడు వందల సంగతి తమ్ముడికి చెప్పా, డ్రైవర్లకి చెప్పా. పెళ్ళాన్ని కూచోబెట్టి చట్టం ఎవడు చెప్తాడు?"

ఇరవై ఎనిమిదో రోజున లొరేన్ స్వయంగా చెక్కు తెచ్చింది. చొచా ఇచ్చిన చెక్కుని అప్పుడే బ్యాంకులో వేసేసింది కాబట్టి, తిరిగి ఇచ్చేది హలీనా పేరనే రాయాలట. ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి, కూర్చోకుండానే వెళ్ళిపోయింది. నేను నకలు తీసి కౌంటీకి పంపాను. సాయంత్రం లోపే పని మాదేనని కబురు వచ్చింది. పెరట్లో రిషార్డ్ లారీ హారన్ మోగించాడు.

ఆ కబురు చెబుదామని చొచా మంచం ఉన్న ముందుగది దాకా వెళ్ళాను. తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల అంకుల్ గొంతొక్కటే, పోలిష్‌లో, నెమ్మదిగా.

"మూడు వందల దాకా ఫరవాలేదు. పైన ఒక్క డాలరు కూడా కుదరదు... కాదు, నువ్విచ్చినా నేనిచ్చినట్టే... ఏడాది పాటు."

ఎదుటివాళ్ళు అడ్డం పడి అడుగుతున్నట్టు, మధ్యమధ్య ఆగుతున్నాడు.