గడ్డం కింద చెయ్యి

పెద్దమ్మ కొడుకు, మా అన్నయ్య మంగళగిరి నుంచి ఫోను చేసేసరికి నేను గుంటూరు బ్రాడీపేటలో క్లినిక్కు తాళం తీస్తున్నాను. అమ్మ పోయిందే అన్నాడు. పొద్దున కాఫీ ఇద్దామని లేపితే లేవలేదట. నేను అడిగిన మొదటి మాట, బాధపడిందా అని. లేదు, నిద్రలోనే వెళ్లిపోయింది అన్నాడు. అక్కడే మెట్టు మీద కూర్చుని ఏడ్చాను. దాచడం ఎందుకు, ఆ ఏడుపులో సగం ఊరటే. కిడ్నీలు పాడై మంచాన పడ్డాక ఆమె పడ్డ అవస్థ చూసినవాళ్లెవరూ ఆ మాటకు నన్ను తప్పు పట్టరు.

ఆమె మా అమ్మకు అక్క. వాళ్లది నేత ఇల్లు. పెదనాన్న మగ్గంలో కూర్చుంటే ఆమె వసారాలో రాట్నం ముందు కూర్చుని నూలు కండెలు చుట్టేది. నాకు డెంటల్ సీటు వచ్చిన ఏడు హాస్టలు తిండి పడక వాళ్లింట్లో దిగాను. చీరాల నుంచి అమ్మ నన్ను దింపడానికి వచ్చి, దీనికి నోట్లో మాట బయటికి రాదక్కా, కాస్త చూసుకో అని చెప్పి వెళ్లింది.

డెంటల్ అంటే పళ్లే చదువుతారనుకుంది పెద్దమ్మ. నేనూ అలా అనుకునే చేరాను. పంటి దాకా రావాలంటే ముందు చెయ్యి, భుజం, వెన్ను, మెడ, ఒంట్లో ఉన్న ఎముకా కండా అన్నీ దాటుకుని రావాలని చేరాక తెలిసింది. సీనియర్ల దగ్గర పాత ఎముకల పెట్టె ఒకటి సంపాదించి ఇంటికి తెస్తే పెదనాన్న గడప దగ్గరే ఆపేశాడు. మగ్గం ఉన్న ఇంట్లోకి పుర్రె ఏమిటి, మైల కాదా అన్నాడు. ఆయన మాట తప్పని చెప్పలేను, నాకే దాన్ని ముట్టుకోవాలంటే భయంగా ఉండేది.

పెద్దమ్మ వచ్చి మూత తీసి చూసింది. "ఏ తల్లి కన్న బిడ్డో పాపం. మన పిల్ల చదువు కోసం వచ్చాడు. వీధిలో నిలబెడతావా?" అంది. మగ్గం దగ్గర మిగిలిన గుడ్డముక్క ఒకటి తెచ్చి పుర్రెకు కప్పింది. ఆ రోజు నుంచి అది మా ఇంట్లో 'ఆయన' అయింది. ఆయన్ని పట్రావే, ఇవాళ పాఠం ఎక్కడిదాకా వచ్చింది అని అడిగేది.

నా చదువంతా ఆ రాట్నం ముందే సాగింది. తెలిసిన సంగతి కూడా సార్ ఎదుట నిలబడి చెప్పాలంటే నాకు నాలుక పిడచకట్టేది. ప్రతి వైవాలోనూ తలదించుకునే వచ్చేదాన్ని. ఇంటికొచ్చి కండరాల పేర్లు గబగబా వల్లె వేస్తుంటే పెద్దమ్మ ఊరుకునేది కాదు. "పేరు తర్వాత చెబుదువుగాని. అది ఏం పని చేస్తుందో ముందు చెప్పు. నా ఒంటి మీద చూపించు," అనేది. రాట్నం తిప్పే చేతిని పట్టుకుని, ఇదిగో మోచెయ్యి ముడిస్తే ఇది ఉబ్బుతుంది, తల పక్కకి తిప్పితే మెడలో ఇది తాడులా పైకి లేస్తుంది అని చూపించేదాన్ని. ఇన్నాళ్లూ నా ఒంట్లోనే కాపురం ఉండి పేరైనా చెప్పలేదు చూడవే అని నవ్వేది. నవ్వేటప్పుడు మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది.

ఆ కొంగు సంగతి నేను చాలాకాలం పట్టించుకోలేదు. ఆమె అన్నం చిన్న చిన్న ముద్దలు చేసుకుని తినేది. మిరపకాయ బజ్జీని కూడా తుంచుకుని తినేది. పెళ్లిళ్లకు వెళ్లేది కాదు, వెళ్లినా కిళ్లీ ముట్టేది కాదు. ఆవలింత వస్తే మనమందరం నోటి ముందు చిటికె వేస్తాం కదా, ఆమె గబుక్కున అరచెయ్యి గడ్డం కింద పెట్టి నొక్కి పట్టుకునేది. ఆవిడ నవ్వితే ముత్యాలు రాలతాయి కాబోలు అని వీధిలోవాళ్లు ఎత్తిపొడిచేవారు. గర్వమనుకునేవారు. నేనేమో పెద్దరికమనుకున్నాను.

ఒక ఆదివారం దవడ కీలు చదువుతున్నాను. పుర్రెను ఒళ్లో పెట్టుకుని, చెవి ముందు ఉండే గుంటలో దవడ ఎముక ఎలా ఇముడుతుందో, నోరు తెరిస్తే అది ఎలా ముందుకు జారుతుందో చూపించాను. దాని ముందు ఒక చిన్న గట్టు ఉంటుంది, నోరు మరీ పెద్దగా తెరిస్తే ఎముక ఆ గట్టు దాటి అవతల పడుతుంది, అప్పుడు ఇక నోరు మూతపడదు అన్నాను. రాట్నం ఆగింది. మళ్లీ చూపించమంది. చూపించాను. మళ్లీ అడిగింది.

"అలా ఎవరికైనా అవుతుందా?" అంది.

అవుతుందట అన్నాను. ఆమె కాసేపు పుర్రె వంకే చూసి, "నాకవుతుందే," అంది.

పెళ్లయిన కొత్తలో మొదలైందట. అత్తగారికి ఏదో ఎదురు చెప్పిన మర్నాడే ఆవలిస్తే నోరు అలాగే ఉండిపోయింది. నోటి దురుసుకి దేవుడు నోరు లాక్కున్నాడని అత్తగారు తేల్చేసింది. ఆ తర్వాత ఎప్పుడు జారినా పెరట్లోకి పోయి, ఎవరూ చూడకుండా తనే లోపలికి వేళ్లు పెట్టి అటూ ఇటూ తోసుకుని సరిచేసుకునేది. భర్తకు చెప్పలేదు, చెల్లెలికీ చెప్పలేదు. ఇది శాపం కాదు పెద్దమ్మా, కీలు వదులైంది అంతే అని నేనంటే, నమ్మినట్టూ నమ్మనట్టూ తలూపింది. కాలేజీకి రమ్మంటే చూద్దాంలే అంది. అంతమంది ముందు నోరు తెరవాలంటే ఆమెకు ప్రాణం మీదికి వచ్చినట్టే.

వేసవిలో ఆవకాయ పెట్టే రోజు వచ్చింది. ఇరుగుపొరుగు ఆడవాళ్లు వసారాలో ముక్కలు తుడుస్తున్నారు. పెద్దమ్మ పెద్ద బేసిన్ ముందు కూర్చుని ఆవపిండీ కారమూ కలుపుతోంది, రెండు చేతులకీ మణికట్టు దాకా ఎర్రటి గుంటూరు కారం. అప్పుడు ఆవలింత వచ్చింది. చెయ్యి అలవాటుగా పైకి లేచి, కారం చూసుకుని ఆగిపోయింది.

నోరు తెరుచుకున్నది తెరుచుకున్నట్టే ఉండిపోయింది. చేతులు ఎంత కడిగినా మంట పోదు, ఆ వేళ్లు నోట్లో పెట్టుకోలేదు. కొంగుతో పట్టుకుని తోసుకోబోయింది గానీ కుదరలేదు. మాట రాక, గుటక పడక, కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి. పక్కింటావిడ పక్షవాతం అని కేక పెట్టింది. ఒకరు గుంటూరు నరాల డాక్టరు దగ్గరికి అన్నారు, ఇంకొకరు ఏదో ఊళ్లో ఆకుపసరు పోస్తారన్నారు. పెదనాన్న మగ్గంలోంచి లేచి వచ్చి అయోమయంగా నిలబడ్డాడు.

నేను వెళ్లి ఆమె రెండు చెవుల ముందూ వేళ్లు పెట్టి చూశాను. ఎముక ఉండాల్సిన చోట గుంట తగిలింది, రెండు వైపులా. మూతి వంకర పోలేదు. నా చెయ్యి గట్టిగా పట్టుకోమంటే రెండు చేతులతోనూ గట్టిగానే పట్టుకుంది.

"ఇది పక్షవాతం కాదు పెదనాన్నా. దవడ జారింది. మా కాలేజీకి తీసుకెళదాం," అన్నాను. నాకే కొత్తగా వినపడింది ఆ గొంతు.

మొన్నమొన్న చేరిన పిల్ల మాట పట్టుకుని పోతారా అని పక్కింటావిడ అంది. ఆమె అన్నదాంట్లో తప్పేం లేదు. పెదనాన్న పెద్దమ్మ మొహం చూశాడు. ఆమె నా వైపు వేలు చూపించింది. ఆయన ఇంకేమీ అడగకుండా ఆటో పిలిచాడు. దారి పొడుగునా, నేను చెప్పింది తప్పయితే, నిజంగానే పక్షవాతమైతే, ఈ పోయే సమయం ఎవరు తిరిగిస్తారు అని ఉన్న దేవుళ్లందరికీ మొక్కుకున్నాను.

కాలేజీలో సర్జరీ సారు ఒక్క చూపులో తెలుసుకున్నారు. బొటనవేళ్లకు గుడ్డ చుట్టుకుంటూ, ఆటో ఎక్కేముందు నేను తగిలించుకున్న తెల్లకోటు చూసి, ఫస్టియరా, దీన్ని ముందుకు లాగే కండ ఏదమ్మా అని అడిగారు. రాట్నం ముందు కూర్చున్నట్టే చెప్పాను. అది ఏం పని చేస్తుందో ముందు చెప్పాను, మూసే కండలు బిగుసుకుపోయి ఎముకను వెనక్కి రానివ్వడం లేదని చెప్పాను, పేరు చివర చెప్పాను. మంచిదన్నారు. రెండు వేళ్లూ కింది పళ్ల మీద ఆనించి కిందికి నొక్కి వెనక్కి తోశారు. ఠక్కుమంది.

"అమ్మయ్య," అంది పెద్దమ్మ. ఊపిరి తీసుకుని, "ఆవకాయలో నూనె పొయ్యలేదండీ ఇంకా," అంది సారుతో.

నేను ఏడుస్తూ నవ్వాను. వచ్చేటప్పుడు ఆటోలో పెదనాన్న, పెరట్లోకి పోయి నువ్వేదో చేసుకుంటున్నావని నాకెప్పుడో తెలుసు, దాచుకున్నదాన్ని అడగడం ఎందుకులే అనుకున్నాను అన్నాడు. అడగాల్సింది అని ఆమె ఆయనతో కొన్నాళ్లు మాట్లాడలేదు. ఎలాగూ అప్పుడు దవడకు కట్టు ఉంది.

తర్వాత ఆ వదులు బిగియడానికి ఆమె రక్తమే కొంచెం తీసి కీలులోకి ఎక్కించారు. మళ్లీ ఎప్పుడూ జారలేదు. నా రక్తమే నాకు మందైందని కనపడ్డవాళ్లందరికీ చెప్పేది. పెళ్లిళ్లలో మొదటి బంతిలోనే కూర్చోవడం మొదలుపెట్టింది. బజ్జీ తుంచకుండా కొరికేది, కిళ్లీ బుగ్గన పెట్టుకునేది, కొంగు వదిలేసి వీధి చివరికి వినపడేలా నవ్వేది. మూస్తారని తీసుకెళితే తెరిచి పంపారు అని పెదనాన్న విసుక్కునేవాడు గానీ, ఆ నవ్వు వినపడితే మగ్గం ఆపేవాడు. ఆ ఏడు అనాటమీ నేను గట్టెక్కింది ఆమె వల్లే. ఇవాళ్టికీ నా దగ్గరికి వచ్చినవాళ్లకు జబ్బు పేరు తర్వాతే చెబుతాను.

నేను మంగళగిరి చేరేసరికి ఆమెను కింద పడుకోబెట్టారు. కాలి బొటనవేళ్లు కట్టేశారు. దవడకు కట్టాల్సిన గుడ్డ పట్టుకుని వదిన నిలబడి ఉంది. నువ్వొచ్చేదాకా ఎవరినీ ముట్టుకోనివ్వలేదు మామయ్య అంది. ఆమె నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. పక్కన కూర్చుని రెండు చెవుల ముందూ వేళ్లు ఆనించి చూశాను. ఎముక దాని చోట అది ఉంది. అరచెయ్యి గడ్డం కింద పెట్టి మెల్లగా పైకి ఎత్తాను. ఏ కండా ఎదురు తిరగలేదు, దవడ సులువుగా వచ్చి మూతపడింది. గుడ్డను తల మీదుగా తిప్పి వదులుగా ముడి వేశాను.

కాళ్ల దగ్గర కూర్చున్న పెదనాన్న తలెత్తాడు.

"నొప్పేం లేదు కదమ్మా దానికి?" అన్నాడు.

"లేదు పెదనాన్నా," అన్నాను.

నా చెయ్యి ఇంకా ఆమె గడ్డం కిందే ఉంది. చాలాసేపు తియ్యలేదు.