ఆ పొద్దు మళ్ళీ వస్తే

మా చెల్లె సినిమాలు చూసే మనిషి కాదు. దాని మొగుడు, మా మరిది, చనిపోయాక ఒంటరిగా ఉండలేక చొప్పదండిలో నా ఇంటికి వచ్చింది. నేను టీవీ పెడితే లేచి పెరట్లోకి వెళ్ళిపోయేది. అలాంటిది ఒక ఆదివారం మధ్యాహ్నం కందిపప్పు చాట ఒళ్ళో పెట్టుకుని, రాళ్ళు ఏరడం మానేసి, సినిమా అయిపోయేదాకా కదలలేదు.

ఆ సినిమా పెట్టింది నా మనుమరాలు. కరీంనగర్‌లో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతుంది. సెలవు దొరికితే నా దగ్గరికి వస్తుంది. ఆ సినిమాలో ఒకడికి ఒకే రోజు మళ్ళీ మళ్ళీ వస్తుంటుంది. ఊరందరికీ అది కొత్త రోజే, వాడికొక్కడికే జరిగింది గుర్తుంటుంది. ఆ గుర్తు సాయంతో, వాగులో పడి చావాల్సిన తమ్ముణ్ణి చివరికి పడకుండా ఆపుతాడు.

నాకు విసుగొచ్చింది.

“దినాం గదే పొయ్యి, గదే పప్పు. మన బతుకు గూడ గంతేనాయె. దీనికి గింత పెద్ద సినిమానా?” అన్నాను.

మనుమరాలు నవ్వింది. చెల్లె నవ్వలేదు.

“బిడ్డా, గిది నిజంగ అయితదా? మీ సదువుల గిట్ల ఉన్నదా?” అని అడిగింది.

ఎందుకు అడిగిందో నాకు తెలుసు. మరిది లారీ నడిపేవాడు. క్వారీ నుంచి గ్రానైట్ బండలు రైలు దగ్గరికి చేర్చేవాడు. ఆ పొద్దు గడప దాటాక, ఫోన్ ఛార్జర్ మరిచిపోయాడని చెల్లె వెనుక నుంచి కేకేసింది. బయలుదేరిన మనిషిని వెనుక నుంచి పిలవకూడదు. పిలిస్తే ఆ మనిషి లోపలికి వచ్చి, కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయలుదేరాలి. మా అవ్వ మాకు నేర్పింది అదే. లేటవుతుందని ఆయన గొణిగినా చెల్లె విడవలేదు. కూర్చోబెట్టి నీళ్ళిచ్చింది. ఊరి అవతల మలుపులో ఎదురుగా ఇంకో లారీ వచ్చింది. కూర్చోకుండా పోయి ఉంటే అది వచ్చేలోగా ఆయన మలుపు దాటేవాడు.

ఆచారం తప్పితే కీడు అంటారు. మా చెల్లెకు ఆచారం పాటిస్తేనే వచ్చింది. అలాంటి దానికి ఏ అయ్యగారి దగ్గరా శాంతి లేదు.

అప్పటి నుంచి చెల్లె తెల్లారి లేస్తే ఆ పొద్దులోకే పోతుంది. పిలవకపోతే? పిలిచినా కూర్చోబెట్టకపోతే? ఛార్జర్ పట్టుకుని తనే బండి దాకా ఉరికితే? చాయ్ చల్లారిపోయేదాకా అదే.

ఆ వారంలోనే పెత్రమాస. భాద్రపద అమావాస్య నాడు మా దిక్కు చనిపోయిన వాళ్ళ పేరు చెప్పి అయ్యగారికి బియ్యం, కూరగాయలు ఇస్తాం. ఇస్తేనే వాళ్ళకు అన్నం అందుతుందని నమ్మకం. కిందటేడు చెల్లె ఇవ్వలేదు. బియ్యం ఇస్తే మనిషి పెద్దల్లో కలిసిపోయినట్టే, ఇక ఇంటి మనిషి కాదు. ఈసారి కూడా ఇవ్వనని మొండికేసింది. దాని తోటికోడలు నాకు ఫోన్ చేసి, “మా మరిది ఆకలికి తిరుగుతుండు, మీ చెల్లెకు పట్టకపాయె” అని దెప్పింది.

అందుకే మనుమరాలు ఒక్క మాటలో లేదని తేల్చేస్తుందని ఎదురుచూశాను. అది తేల్చలేదు.

“కాయితం మీదైతే ఉన్నది చిన్నమ్మమ్మా” అంది.

నాకు అక్షరాలు వచ్చిందే పిల్లల పెండ్లిళ్ళు అయ్యాక, రాత్రి బడిలో. దాని లెక్కలు నాకేం తెలుసు? ఆపి ఆపి అడిగితే అందినంత రాస్తున్నాను. బాగా బరువున్న వస్తువు దగ్గర కాలం నెమ్మదిగా నడుస్తుందట. అది పరీక్ష చేసి చూసిన నిజం. అవే లెక్కలను ఇంకా సాగదీస్తే, కాలం దారి చేతిగాజులా వంగి మొదటికే వచ్చే చోటు ఉండొచ్చని తేలుతుందట. కానీ దానికి లోకమంతా గిర్రున తిరగాలి, లేదా అంతులేని పొడవున్న స్తంభం తిరగాలి. అలాంటిది ఎవరికీ కనబడలేదు. ప్రకృతి దాన్ని కానివ్వదనే చాలామంది అనుమానం. కానివ్వదన్న రుజువు మాత్రం ఇంకా చేతికి రాలేదట.

“లేదని చెప్పరాదే?” అని కసిరాను.

“రుజువు లేంది ఎట్ల చెప్పాలె అమ్మమ్మా?”

“చెప్తే మీ సారొచ్చి కొడ్తడా?”

చెల్లెకు మా కొట్లాట పట్టలేదు. “ఉన్నదంటున్నవు గద బిడ్డా. గా పొద్దు మల్ల వస్తే నేను ఆయనను పిలువ. నోరు మూసుకొని ఉంట” అంది.

మనుమరాలి ముఖం మారింది. అంతవరకు క్లాసులో చెప్పినట్టే చెప్పింది. ఇప్పుడు చాట పక్కకు జరిపి చెల్లె చేయి పట్టుకుంది.

“పిలుస్తవు చిన్నమ్మమ్మా. సినిమాల ఆ పిలగానికి గుర్తుండుడే అబద్ధం. గుర్తు గూడ తలకాయల ఉండేదే గద. పొద్దు మొదటికి పోతే తలకాయ గూడ మొదటికే పోతది. అందరిది పోయి నీదొక్కటే ఎందుకు మిగుల్తది? నీకేం తెల్వది. ఛార్జర్ మర్శిండని మల్ల పిలుస్తవు. గాజు లెక్క వంగిన దారి ఉన్నా అంతే, జరిగిందే జరుగుతది.”

పాత సామాన్లు కొనే బండివాడు మైకులో అరుస్తూ గల్లీ దాటి పోయాడు.

“అంటే నేను కూసోబెట్టుడు, ఆయన సచ్చుడు. మల్ల కూసోబెట్టుడు, మల్ల సచ్చుడు.”

“ఊఁ.”

“ఇన్నొద్దులు నేను గదే కోరుకుంటున్ననా? ఒక్కపారి సచ్చింది సాలదా ఆయనకు?”

ఏడుస్తుందనుకున్నాను. ఏడ్చింది మనుమరాలు. చెల్లె చాట మళ్ళీ ఒళ్ళోకి తీసుకుని రాళ్ళు ఏరసాగింది.

పెత్రమాస నాడు ఎవరూ చెప్పకుండానే తలస్నానం చేసింది. బియ్యం, బీరకాయలు, ఆనపకాయ, చింతపండు సంచిలో పెట్టుకుని “నడువు అక్కా” అంది. అయ్యగారి ముందు పెద్ద వరుస ఉంది. మా వంతు వచ్చాక పోయిన మనిషి పేరు అడిగాడు. మొగని పేరు నోటితో పలకడం మాలో లేదు. కాపురమంతా చెల్లె ఆ పేరు ఎత్తి ఎరగదు. నేను చెప్పబోతే నా మోచేయి నొక్కి తానే చెప్పింది. అయ్యగారికి వినబడలేదు, మళ్ళీ చెప్పమన్నాడు. ఈసారి ఇంకాస్త గట్టిగా చెప్పింది. ఆయన నీళ్ళు వదిలించి, మంత్రం చదివి, తరువాతి వాళ్ళను రమ్మన్నాడు.

నేను కోరుకున్నది అదే. తోటికోడలి నోరు మూతపడుతుంది, మరిదికి అన్నం అందుతుంది. అయినా నా మనసు చల్లబడలేదు.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఖాళీ సంచిని మడతల మీద మడతలు పెడుతూ చెల్లె అడిగింది.

“అక్కా, రేపు పొద్దున లేసి ఇగ నేను ఏం యాది చేసుకోవాలె?”

ఆటో చప్పుడులో వినబడనట్టు రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాను.