సీతాఫలాల ప్రాణవాయువు

ఎనభైల చివర, నేను పాలమూరులో బీఎడ్ చదివే ఆ రోజుల్లో, నాలాంటి టీచరు భూమ్మీదే లేదని నా గట్టి నమ్మకం. బడిలో పిల్లలకు చెప్పి చూపించాల్సిన పరీక్ష పాఠం దగ్గరపడేదాకా ఆ నమ్మకంతోనే హాయిగా బతికాను. అందులో తప్పితే చదువు చాలించి పెళ్లి చేసుకోవాల్సిందేనని బాపు తేల్చి చెప్పాడు. (వరుడు కూడా సిద్ధం. ఆయన మీసాలు తలుచుకుంటే ఇప్పటికీ దడే.)

నాకు పడ్డ పాఠం, రక్తం ప్రాణవాయువును మోసుకెళ్లడం. బొమ్మ గీద్దామంటే నా గుండెకాయ వంకాయలా వచ్చేది. అందుకని అవ్వ పంపిన గంపెడు సీతాఫలాలు బడికి పట్టుకుపోయాను. వరండా ఊపిరితిత్తులు. అవతలి గోడ దగ్గర గెంతుతూ ఉండాల్సిన పిల్లలు కాలి కండరాలు. ఎర్ర రిబ్బన్ల పిల్లలు ఎర్ర రక్తకణాలు, వాళ్ల చేతుల్లో పండ్లు ప్రాణవాయువు. అవి కండరాలకిచ్చి, బొగ్గుపులుసు గాలిని వెనక్కి తేవాలి. ఆ గాలికి ఏం పెట్టాలో మాత్రం నేను ఆలోచించలేదు.

పాఠం చూసి మార్కులేసే సారు గేటు దాటేసరికి కండరాలు ప్రాణవాయువును జుర్రుకుంటున్నాయి! రక్తకణాలు తొక్కలూ గింజలూ ఒడి నిండా పట్టుకొని వరండాకు ఉరికొస్తున్నాయి. "ఏందమ్మా ఇది?" అని సారు ఒక పిల్లను ఆపాడు. "బొగ్గుపులుసు గాలి సార్! జర జరుగుండ్రి, ఊపిరితిత్తులల్ల పారెయ్యాలె" అంది అది. ఇక నా పని ఖతం అనుకున్నాను. కళ్ల ముందు బాపు, ఆయన వెనకే మీసాలు.

అంతలో సారు చూపు గోడ దగ్గర పండుతో నిలబడ్డ ఎర్ర రిబ్బన్ల బుడ్డి మీద పడింది. (తరగతిలో అందరికన్నా పొట్టిది, అందుకే ఆ పేరు.) దాని ఎదురుగా ఒక కండరం చతికిలబడి చేయి చాచింది. "ఇయ్యవేందే?" అన్నాను ఏడుపు గొంతుతో.

"ఊకె కూసున్నదానికెందుకు టీచర్? గెంతి గెంతి చెమట పట్టినోళ్లకే ఇస్త!" అని బుడ్డి ఆ పండును పక్కన రొప్పుతున్న పిల్ల చేతిలో పెట్టింది.

సారు ఫక్కున నవ్వాడు. "పని చేసే కండరం వేడెక్కుతది. రక్తం ఆడనే ప్రాణవాయువును ఎక్కువ వదులుతది. గిదే అసలు ముచ్చట. దీనికి నువ్వు చెప్పినవా?" అని నన్నడిగాడు.

"లేదు సార్, దానంతటదే చెప్పింది."

"మంచిగనే చెప్పిచ్చినవు తియ్యి" అని పాస్ చేశాడు. పోతూ పోతూ ఒక పండు సంచిలో వేసుకున్నాడు.

మీసాలాయన వేరే సంబంధం చూసుకున్నాడు. నేను టీచరునయ్యాను, మొన్ననే రిటైరయ్యాను కూడా. ఇప్పుడు మా ఇంటి మెట్లెక్కుతుంటే సగంలోనే ఆయాసం ముంచుకొస్తుంది. గోడ పట్టుకొని ఆగి, నా ఒంట్లో ఎక్కడో పండు పట్టుకొని నిలబడ్డ ఆ బుడ్డిదాన్ని నవ్వుకుంటూ బతిమాలుతాను: "కూసోలేదే తల్లీ, ఎక్కుతనే ఉన్న. జర ఇయ్యవే!"